నిలబడిన బండి, ఆడుతున్న ఇంజను

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాల రవాణా డ్రైవర్ల ఉమ్మడి శిక్షణ శిబిరంలో, రవాణా విభాగంలో పర్యవేక్షకులుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒకరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మేత గురించి గాని, దూడల పోషణ గురించి గాని చెప్పబోవడం లేదు. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ఉదయం మీకు చెప్పారు. నా ఉద్యోగకాలమంతా పాలబండ్ల వెంట గడిచింది. కనుక బండి గురించే చెబుతాను. అదీ నడిచే బండి గురించి కాదు, నిలబడిన బండి గురించి.

తెల్లవారుజామున మీ ఊరి కేంద్రం దగ్గరకు రూటు బండి వస్తుంది. డ్రైవరు హారను కొట్టి బండి నిలుపుతాడు. ఇంకా నలుగురు పాలు పోయవలసి ఉంది. టెస్టరు శాంపిళ్ళు చూస్తున్నాడు. నిండిన క్యాన్ల మీద మూతలు బిగించలేదు. చీటీ రాయలేదు. ఈ పనులన్నీ ముగిసేవరకు బండి అక్కడే ఉంటుంది. ఇంజను మాత్రం ఆడుతూనే ఉంటుంది. పొగగొట్టం పక్కనే పాలగిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు, పిల్లలు నిలబడి ఉంటారు. ఈ దృశ్యం మీరు రోజూ రెండు పూటలా చూస్తున్నదే. రోజూ చూస్తున్నది కనుకనే దాని గురించి ఎవరూ ఆలోచించరు.

"ఆ డ్రైవరుకు ఏం పోయింది, డీజిల్ అతని డబ్బా?" అని ఒకరంటారు. "డీజిల్ కాంట్రాక్టరుది, మనకేం?" అని ఇంకొకరంటారు. రెండు మాటలూ సరికావు. డీజిల్ ఎవరు పోయించినా, ఆ ఖర్చు రవాణా రేటులో కలుస్తుంది. రవాణా ఖర్చు పాల ధరలోంచి పోతుంది. కాబట్టి చివరకు ఆ డబ్బు గేదె పాలు పితికినవారిదే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఏ ఒక్క రూటు లెక్కా కాదు, ఉదాహరణ మాత్రమే. మీ రూటు అంకెలు వేసి మీరే సరిచూసుకోవచ్చు. ఒక చిన్న లారీ 12 ఊళ్ళు తిరుగుతుందనుకోండి. ఊరికి 5 నిమిషాల చొప్పున ఇంజను ఊరకే ఆడితే ఒక గంట. డెయిరీ దగ్గర క్యాన్లు దించడానికి వరుసలో ఇంకొక గంట. పూటకు 2 గంటలు, రోజుకు 4 గంటలు. అటువంటి బండి నిలబడి ఆడితే గంటకు సుమారు ముప్పాతిక లీటరు డీజిల్ కాలుతుందనుకుంటే, రోజుకు 3 లీటర్లు, ఏడాదికి 1,095 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున అది లక్షా నాలుగు వేల రూపాయలు. ఆ రూటులో రోజుకు 2,000 లీటర్ల పాలు వస్తే, ప్రతి లీటరు పాల మీద 14 పైసలు పొగగొట్టం గుండా పోతున్నాయన్నమాట. పాల ధర పది పైసలు పెంచమని సర్వసభ్య సమావేశంలో మనం ఎంతసేపు వాదిస్తామో మీకు తెలుసు. ఆ 14 పైసల గురించి ఒక్కరూ లేచి అడగరు.

డబ్బు ఒక్కటే కాదు. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2 కిలోల 700 గ్రాముల కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది. పై లెక్కన ఒక్క బండి నుంచి ఏడాదికి దాదాపు 3 టన్నులు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఆ పొగను అందరికంటే ఎక్కువ పీల్చేది డ్రైవరు, క్లీనరు. వారి తరువాత టెస్టరు, పాలు పోయడానికి వచ్చినవారు. ఇంకొక సంగతి: పాలలోని వెన్న చుట్టుపక్కల వాసనలను పట్టుకుంటుంది. మూతలు తీసిన క్యాన్ల పక్కన పొగ వదిలే బండిని నిలపడం పాల నాణ్యతకు కూడా మంచిది కాదు.

ఇక ఇంజనుకు జరిగే నష్టం. ఊరకే ఆడే ఇంజను తగినంత వేడెక్కదు. డీజిల్ పూర్తిగా కాలక లోపల మసి పేరుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 డీజిల్ బండ్లలో చాలా వాటికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి తగినంత వేగంతో నడిచి, పొగ బాగా వేడెక్కినప్పుడే అందులోని మసి కాలి శుభ్రపడుతుంది. గంటల తరబడి నిలబెట్టి ఆడిస్తే అది త్వరగా మూసుకుపోతుంది. అప్పుడు బండి షెడ్డులో ఉంటుంది, పాలు ఊళ్ళో ఉంటాయి.

ఇంత నష్టం ఉన్నప్పుడు, ఇంజను ఆపని డ్రైవరుకు జరిమానా వేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అందువల్ల ఏమి జరిగిందో చెబుతాను. ఇది చెప్పడానికి నాకు గర్వంగా లేదు.

చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పటికి ఊళ్ళలో బల్క్ కూలర్లు లేవు. పాలు క్యాన్లలోనే శీతలీకరణ కేంద్రానికి చేరేవి. నేను కొత్తగా పర్యవేక్షకుణ్ణి అయ్యాను. డీజిల్ లెక్కలు చూసి, ప్రతి కేంద్రం దగ్గరా ఇంజను తప్పనిసరిగా ఆపాలని, ఆపకపోతే జీతంలో కోత పడుతుందని ఆజ్ఞ జారీ చేశాను. ఒక రూటులో ఒక పెద్ద వయసు డ్రైవరు ఉండేవాడు. తన బండి బ్యాటరీ పాతబడిందని, మార్చమని అంతకుముందు రెండుసార్లు అడిగాడు. వచ్చే నెల చూద్దామన్నాను.

మే నెల, సాయంత్రం పూట. అతను నా ఆజ్ఞ ప్రకారం ఒక ఊళ్ళో ఇంజను ఆపాడు. క్యాన్లు ఎక్కించాక సెల్ఫ్ తీసుకోలేదు. ఊరివాళ్ళు తోశారు. బండి నిండా క్యాన్లు, రోడ్డు ఎత్తు. కదలలేదు. ఎవరిదో ట్రాక్టరు దొరికి, తాడు కట్టి లాగి స్టార్టు చేసేసరికి రెండు గంటలకు పైగా గడిచింది. కేంద్రం చేరాక కాచి చూసే పరీక్షలో 18 క్యాన్ల పాలు విరిగాయి. 18 క్యాన్లంటే 720 లీటర్లు. ఆ పూట ఆ ఊళ్ళవాళ్ళ పాలకు డబ్బు రాలేదు.

నేను ఆ డ్రైవరు మీద కేకలు వేశాను. అతను అంతా విని ఒకే మాట అన్నాడు: "మీరు ఇంజను ఆపమన్నారండీ, ఆపాను. నేను బ్యాటరీ అడిగానండీ, మీరు ఇవ్వలేదు." ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మరునాడే బ్యాటరీ మార్పించాను. కాని పాలు పోగొట్టుకున్నవారికి నేను ఏమీ తిరిగి ఇవ్వలేకపోయాను.

ఆనాటి నుంచి నేను ప్రతి డ్రైవరునూ "ఎందుకు ఆపలేదు?" అని కోపంగా కాక, తెలుసుకోవడానికి అడగడం మొదలుపెట్టాను. వచ్చిన జవాబులు మీ ముందుంచుతాను. వీటిలో కొన్ని నిజమైన ఇబ్బందులు, కొన్ని పాతకాలపు నమ్మకాలు. రెండింటినీ వేరుచేసి చూడాలి.

మొదటిది, "మళ్ళీ స్టార్టు చేస్తే ఎక్కువ డీజిల్ తాగుతుంది" అనేది. ఇది నమ్మకమే. ఆరోగ్యంగా ఉన్న ఇంజనును స్టార్టు చేయడానికి పట్టే డీజిల్, కొన్ని సెకన్లు ఊరకే ఆడినదానికి మించదు. అయితే మాటిమాటికీ స్టార్టు చేస్తే సెల్ఫ్ మోటారు, బ్యాటరీ అరుగుతాయన్నది నిజం. అందుకే అర నిమిషం ఆగే చోట ఆపనక్కరలేదు. మూడు నిమిషాలు మించి ఆగవలసి వస్తే ఆపడమే లాభం.

రెండవది, "టర్బో పాడవుతుంది" అనేది. ఇందులో సగం నిజం. బరువుతో దూరం నుంచి వేగంగా వచ్చిన బండిని వెంటనే ఆపకూడదు. టర్బో చల్లబడడానికి ఒకటి రెండు నిమిషాలు ఆడనివ్వాలి. కాని ఒకటి రెండు నిమిషాలే, అరగంట కాదు.

మూడవది, "బ్రేకుల గాలి దిగిపోతుంది" అనేది. సరిగా ఉన్న బండిలో కాసేపు నిలిపినంత మాత్రాన గాలి దిగదు. పది నిమిషాలకే దిగుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ బండిని ఇంజను ఆడించి కాపాడడం కాదు, వెంటనే షెడ్డుకు పంపాలి. ఆ లీకు ఘాట్ రోడ్డు మీద ప్రాణాలు తీస్తుంది.

నాలుగవది, "ట్యాంకరులో పాలు వేడెక్కుతాయి" అనేది. రైతు సోదరులు కూడా ఇలా అనుకుంటారు. మామూలు పాల ట్యాంకరును చల్లగా ఉంచేది ఇంజను కాదు. రెండు పొరల స్టీలు మధ్య ఉన్న మందపాటి ఇన్సులేషను. ఇంట్లో ఫ్లాస్కు ఎలాగో అదీ అలాగే. 4 డిగ్రీలకు చల్లబరిచి నింపిన పాలు అందులో గంటల తరబడి చల్లగానే ఉంటాయి. 2020 మార్చి నెలాఖరున, లాక్‌డౌన్ కాలంలో, మన రేణిగుంట నుంచి ఢిల్లీకి ‘దూద్ దురంతో’ రైలు మొదలైంది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కొక్క ట్యాంకరులో 40,000 లీటర్ల పాలు రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేశాయి. అంత దూరం వాటిని కాపాడింది నింపేటప్పటి చల్లదనం, ఇన్సులేషను. కాబట్టి డెయిరీ గేటు దగ్గర నిలబడిన ట్యాంకరు ఇంజను ఆడించినంత మాత్రాన పాలకు ఒరిగేది ఏమీ లేదు. కూలరు దగ్గర పాలు సరిగా చల్లబరచకుండా నింపితే మాత్రం ఏ ఇంజనూ కాపాడదు.

పెరుగు, వెన్న, ఐస్‌క్రీమ్ తీసుకువెళ్ళే శీతల వ్యాన్ల సంగతి వేరు. చిన్న వ్యాన్లలో చల్లబరిచే కంప్రెసరు బండి ఇంజను మీదే నడుస్తుంది. ఇంజను ఆపితే చల్లదనం పోతుంది. అక్కడ డ్రైవరును ఆపమనడం న్యాయం కాదు. సరుకు ఎక్కించే చోట కరెంటు ప్లగ్గు ఏర్పాటు చేసి, కరెంటుతో కూడా నడిచే యూనిట్లున్న బండ్లను తీసుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

ఐదవది, "వరుస కదులుతూ ఉంటుంది, ఎన్నిసార్లు ఆపను?" అనేది. ఇది పూర్తిగా నిజం. డెయిరీ గేటు దగ్గర పది బండ్లు ఒకేసారి వచ్చి, ఐదు నిమిషాలకొకసారి బండి పొడవు మేర జరగవలసి వస్తే ఏ డ్రైవరూ ఆపడు. ముందు బండి కదిలినప్పుడు తన బండి కదలకపోతే వెనుకవాడు దూరుతాడు. ఈ తప్పు డ్రైవరుది కాదు, వరుసది. టోకెను ఇచ్చి, నంబరు పిలిచినప్పుడు రమ్మంటే అందరూ ఇంజను ఆపి నీడన నిలుపుకుంటారు.

ఆరవది, అన్నిటికంటే గట్టిది, నిద్ర. రాత్రంతా ట్యాంకరు నడిపి తెల్లవారి డెయిరీకి చేరిన డ్రైవరుకు పాలు దించి, ట్యాంకు కడిగేవరకు మూడు నాలుగు గంటలు దొరుకుతాయి. అదే అతని నిద్ర. వేసవిలో మన దగ్గర ఆ క్యాబిన్ ఎలా ఉంటుందో లోపల కూర్చున్నవారికే తెలుసు. ఫ్యాన్ కోసమో, ఏసీ కోసమో ఇంజను ఆడిస్తాడు. ఆపితే నిద్ర పట్టదు. నిద్ర లేకుండా మళ్ళీ రాత్రి స్టీరింగు పట్టాలి. ఆడిస్తే డీజిల్ పోతుంది. పొగగొట్టంలో ఎక్కడైనా కారుతుంటే, గాలి ఆడని చోట బండి ఉంటే, కార్బన్ మోనాక్సైడు క్యాబిన్‌లోకి చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్నవాడు లేవకపోవచ్చు. డీజిలు మిగల్చాలా, నిద్ర మిగల్చాలా అన్నది ఇక్కడ అతని ముందున్న చిక్కు. దీన్ని అతని మీదనే వదిలిపెట్టడం మనకు న్యాయం కాదు.

ఈ చిక్కు రాబోయే రోజుల్లో పెరుగుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి మన దేశంలో తయారయ్యే మూడున్నర టన్నులకు పైబడిన సరుకు లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఇది చాలా మంచి పని, ఎప్పుడో జరగవలసిన పని. అయితే ఆ ఏసీ మామూలుగా ఇంజను ఆడితేనే పనిచేస్తుంది. కొత్త బండ్లు వచ్చేకొద్దీ, నిలబడిన చోట ఇంజను ఆడించాలన్న కోరిక పెరుగుతుంది.

అమెరికాలో ఈ సమస్య ముందే వచ్చింది. అక్కడ దూరప్రయాణపు ట్రక్కు డ్రైవర్లు క్యాబిన్‌లోనే పడుకుంటారు. చలికి, వేడికి రాత్రంతా ఇంజను ఆడించేవారు. ఆ పెద్ద ఇంజన్లు ఊరకే ఆడితే గంటకు సుమారు 3 లీటర్లు కాలుతుంది. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఐదు నిమిషాలకు మించి ఆడించరాదని నియమం పెట్టి, 2008 నుంచి పడకలున్న క్యాబిన్లకూ దాన్ని వర్తింపజేశారు. నియమంతో పాటు చిన్న సహాయక ఇంజన్లు, బ్యాటరీతో నడిచే ఏసీలు, కొన్ని విడిదుల్లో కరెంటు ప్లగ్గులు కూడా వచ్చాయి. నియమం ఒక్కటే ఉంటే డ్రైవరు చెమటలోనో చలిలోనో పడి ఉండేవాడు. సౌకర్యం ఒక్కటే ఉంటే పాత అలవాటు మానేవాడు కాదు. మనం నేర్చుకోవలసింది అదే: రెండూ జంటగా ఉండాలి.

మన చట్టంలోనూ ఒక నియమం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను ప్రకారం, బహిరంగ స్థలంలో నిలిపిన బండి డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి. లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసి ఉండాలి. మన ఊళ్ళలో క్లీనరు లేనప్పుడు డ్రైవరే దిగి క్యాన్లు ఎక్కిస్తాడు. ఆ సమయంలో ఇంజను ఆడుతుంటే అది చట్టవిరుద్ధం. చట్టం మాట అటుంచి, చుట్టూ పిల్లలు తిరిగే చోట అలా వదలడం ప్రమాదం.

ఇప్పుడు మనం చేయవలసిన పనులు మనవి చేస్తాను. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ఒకటి, బండి వచ్చేసరికి పాలు సిద్ధంగా ఉండాలి. పాలు పోసే వేళ ముగిశాక వచ్చినవారి కోసం బండిని ఆపకండి. క్యాన్లు మూతలు బిగించి, చీటీ రాసి, గట్టు మీద పెట్టి ఉంటే బండి రెండు నిమిషాల్లో కదులుతుంది. అప్పుడు ఇంజను ఆపే ప్రశ్నే రాదు. చాలా ఊళ్ళలో ఇంజను ఆడుతున్నది డ్రైవరు బద్ధకం వల్ల కాదు, మన ఆలస్యం వల్ల.

రెండు, రవాణా ఒప్పందం రాసేటప్పుడు బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, గాలి బ్రేకుల తనిఖీ మూడు నెలలకొకసారి జరగాలని రాయించండి. ఆ తనిఖీ పుస్తకం సంఘం కార్యదర్శి చూడాలి. సెల్ఫ్ తీసుకోని బండి డ్రైవరును ఇంజను ఆపమనే హక్కు ఎవరికీ లేదు.

మూడు, బల్క్ కూలరు ఉన్న కేంద్రాలలో ట్యాంకరు వచ్చే వేళ ముందే నిర్ణయించుకుని, పాలు 4 డిగ్రీలకు చేరాకే నింపండి. ట్యాంకరు వచ్చాక చల్లబడేదాకా నిలబెట్టవద్దు.

నాలుగు, డెయిరీ గేటు దగ్గర టోకెను పద్ధతి, నీడ, తాగునీరు, ఫ్యానున్న గది, నాలుగు మంచాలు ఉండాలని మీ ప్రతినిధుల ద్వారా యూనియను సమావేశంలో తీర్మానం పెట్టించండి. ఒక్క గది కట్టడానికి అయ్యే ఖర్చును నేను ఇందాక చెప్పిన లెక్కతో పోల్చి చూడండి. కొద్ది రూట్ల డీజిలే ఆ గదిని నిలబెడుతుంది.

ఐదు, పొగగొట్టం ఏ వైపు ఉందో చూసి, జనం నిలబడే వైపు కాకుండా బండి నిలిపే చోటు గుర్తు వేయండి. ఇది రేపు పొద్దున్నే చేయవచ్చు.

డ్రైవరు సోదరులకు ఒక మాట. పైవన్నీ జరిగిన రోజున కూడా మీ బండి ఊరకే ఆడుతూ ఉంటే, అప్పుడు తప్పు మీదే. మూడు నిమిషాలు మించి ఆగితే తాళం తిప్పండి. బండిలో లోపముంటే నోటితో చెప్పి ఊరుకోకండి, పుస్తకంలో రాయండి. నోటి మాటను నేను ఒకప్పుడు రెండుసార్లు వినీ విననట్టు వదిలేశాను. రాసిన మాటను అలా వదిలేయడం కష్టం.

సంఘాల పెద్దలకు ఒక మనవి. ఈ శిబిరం నుంచి వెళ్ళాక ఒక వారం రోజులు మీ కేంద్రం దగ్గర గడియారం పెట్టి, బండి ఎంతసేపు నిలబడిందో, అందులో మన పని వల్ల ఎంత, డ్రైవరు వల్ల ఎంత అన్నది రెండు గడులుగా రాయండి. వారం చివర కూడి చూడండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు డ్రైవరుతో మాట్లాడండి. ఎవరి గడి పెద్దదిగా ఉంటే వారే ముందు సరిదిద్దుకోవాలి.

ఆ మే నెల సాయంత్రం పాలు విరిగిన ఊళ్ళలో ఒక ముసలమ్మ నన్ను అడిగిన మాటతో ముగిస్తాను. "బండి చెడిపోయింది సరే నాయనా, మా పాలు ఏం పాపం చేశాయి?" అన్నది. ఆ ప్రశ్న మళ్ళీ ఏ ఊళ్ళోనూ ఎవరూ అడగవలసిన అవసరం రాకూడదని కోరుకుంటున్నాను.